అత్తగారి కోసం తడిపిన పొలం

మోరిస్ థర్టిల్ మట్టి రుచి చూసేవాడు. ఆకలేసి కాదు, తడి ఎంతుందో తెలుసుకోవడానికి. పొలంలో అడుగు పెట్టగానే వంగి, చిటికెడు మన్ను తీసి నాలుక మీద వేసుకుని, కళ్లు మూసుకుని కాసేపు చప్పరించి, "ఇవాళ లాభం లేదు" అనో, "పరవాలేదు, బాగానే నానింది" అనో తేల్చేవాడు. చుట్టూ ఉన్న మగవాళ్లు గంభీరంగా తలలూపేవాళ్లు. ఇంకో ఊళ్లో అయితే ఇలాంటి మనిషిని డాక్టరుకి చూపించేవాళ్లు. ఇంగ్లండులోని మా నార్ఫోక్‌లో క్లబ్బుకి ఉపాధ్యక్షుణ్ణి చేశారు.

క్లబ్బంటే పేకాట క్లబ్బు కాదు. భూమిలో కూరుకుపోయిన లోహాన్ని పసిగట్టే డిటెక్టర్లు చేత పట్టుకుని, చెవులకి హెడ్‌ఫోన్లు తగిలించుకుని, కోతలైన పొలాల్లో వాటిని అటూ ఇటూ ఊపుకుంటూ తిరిగే ముసలివాళ్ల మంద. రోమన్ల బంగారం దొరుకుతుందని ఆశ. దొరికేవి గుండీలు, గుర్రపు నాడాలు, బీరు డబ్బాల రేకులు. ఆదివారం ఆదివారం వాళ్లకి టీ కాచి పోసేదాన్ని నేను. మా ఆయన పోయాక ఊసుపోక ఒప్పుకున్నాను, ఆ తర్వాత మానేద్దామంటే మొహమాటం అడ్డొచ్చింది. వాళ్ల సొద విని విని, ఏ ఆడదానికీ అక్కర్లేనంత నేల జ్ఞానం నాకు అబ్బింది.

మోరిస్ మా పక్కింటివాడు. ఉద్యోగం ఉన్నన్నాళ్లూ బస్సు నడిపాడు. బస్సెక్కినవాళ్లకి టిక్కెట్టుతో పాటు ఏ ఊళ్లో ఎంత వాన పడిందో కూడా చెప్పి పంపేవాడు. అతని భార్య ఈనిడ్ బడి వంటశాలలో వండేది. ఈనిడ్, నేను చిన్నప్పటి నుంచీ స్నేహితులం కాబట్టి చెబుతున్నాను, మోరిస్ మంచివాడే. తాగడు, అరవడు, పెట్టింది తింటాడు. ఉన్న పిచ్చి ఒక్కటే, తడి.

వానలో గొడుగు వేసుకునేవాడు కాదు, గొడుగు మేర నేల తడవకుండా పోతుందని. ఒకసారి పెళ్లిరోజున ఈనిడ్‌ని మంచి హోటలుకి తీసుకెళ్లాడు. సూపు తాగుతుండగా కిటికీ అద్దం మీద చినుకులు పడటం చూసి, "ఇప్పుడే వస్తా" అని లేచి వెళ్లాడు. ఈనిడ్ ఒక్కతే చేప తిని, పుడ్డింగు తిని, బస్సెక్కి ఇంటికొచ్చాక ఎప్పటికో మోకాళ్ల దాకా బురదతో వచ్చాడు. ఇంకోసారి అందరిలాగే స్పెయిన్ వెళ్లారు. మొదటి రోజే సముద్రపు ఒడ్డున వంగి నేలని గిల్లి చూసి, "పాపం, ఎలా బతుకుతున్నారో వీళ్లు" అని, మిగతా సెలవంతా హోటలు గదిలో దిగులుగా పడుకున్నాడు.

"ఎండిన నేల చెవిటిది, మేవిస్" అనేవాడు నాతో, నేనిచ్చిన టీ చల్లారబెట్టుకుంటూ. "ఎంత మొత్తుకున్నా పలకదు. అదే తడిసిందనుకో, లోపలున్నదాని కబురు పైకి తెస్తుంది. అందులోనూ ఏళ్ల తరబడి పడున్న ఇనుమనుకో, తుప్పు చుట్టూ మట్టిలోకి ఊరి ఉంటుంది. తడి తగిలిందా, అంతా కలిసి ఒక్కసారే పలుకుతుంది. సాసరంత వస్తువు బండి చక్రమంత అయి వినపడుతుంది."

"మరీ తడిసినా చేటే" అనేవాడు డెరిక్ క్యాచ్‌పోల్. ఇతను క్లబ్బు అధ్యక్షుడు, ఊళ్లో ఇనప సామాను కొట్టు నడిపి రిటైరైనవాడు. "బురదలో డిటెక్టర్ లేనిపోని కూతలు కూస్తుంది. నేల కేకులా ఉండాలి అబ్బాయ్, సూపులా కాదు."

"నీ కేకులోంచి నీకేం దొరికింది? బీరు రేకులేగా?"

"నీ సూపులోంచి నీకు దొరికినవీ అవేగా?"

ఏళ్ల తరబడి ఇదే పాట. వాళ్లిద్దరిలో ఎవరు పోయినా రెండోవాడు ఎవరితో పోట్లాడతాడా అని నాకు బెంగగా ఉండేది.

ఇక మోరిస్ అత్తగారి సంగతి. ఆవిడ పేరు ఎడ్నా లార్టర్. ఊరి చివరి పదెకరాల చేలో కూలికి బఠాణీలు కోసి, బీటు దుంపలు పీకి, ఒంటిచేత్తో ఈనిడ్‌ని పెంచింది. అల్లుణ్ణి చూస్తే ఆవిడకి ఒళ్లు మంట. "మా అమ్మాయి ఎవరో ఒకణ్ణి చేసుకుంటుందని తెలుసు గానీ, మరీ ఇంత ఎవరో ఒకణ్ణి చేసుకుంటుందనుకోలేదు" అని పెళ్లి విందులో నాకు వినపడేలా, అతనికీ వినపడేలా అంది. అల్లుడు పొలాల్లో డిటెక్టర్ ఊపుకుంటూ తిరుగుతుంటే చూసి, "ఊడవడానికి వచ్చావా, అయితే కింద ఆనించి ఊడువు" అనేది. మోరిస్ ఎదురు చెప్పేవాడు కాదు. టోపీ తీసి, నవ్వి, ముందుకి పోయేవాడు.

పోయేముందు ఆవిడ తన బూడిదని ఆ చేలోనే పెట్టమంది. చర్చి ఆవరణలో ఎందుకు వద్దని ఈనిడ్ అడిగితే, "అక్కడున్నవాళ్లంతా నాకు తెలిసినవాళ్లేనే" అంది. పొలం రైతు మంచివాడు, సరేనన్నాడు. ఈనిడ్ ఆ బూడిదని ఒక పెద్ద బిస్కెట్ల డబ్బాలో పోసి, మూత బిగించి, ఆగస్టు ఎండలో చేలోకి తీసుకెళ్లింది. నేనూ వెళ్లాను. మోచేతి లోతు గొయ్యి తీసి, డబ్బా దించి, ప్రార్థన చదువుకున్నాం. తర్వాత వచ్చినవాళ్లకి సాండ్‌విచ్‌లు కొయ్యాలని మేమిద్దరం ఇంటికొచ్చేశాం. గొయ్యి పూడ్చి రమ్మని మోరిస్‌ని వదిలాం. అదే మేం చేసిన పొరపాటు.

మోరిస్ పూడ్చబోయి ఆగాడట. ఈ చేలోకి క్లబ్బువాళ్లు ఏటా కోతలయ్యాక వస్తారు. ఎవడో ఒకడికి డబ్బా వినపడుతుంది. వినపడితే తవ్వుతాడు. తవ్వితే మూత తీస్తాడు. డెరిక్ క్యాచ్‌పోల్ మిసెస్ లార్టర్ మూత తీసి లోపలికి తొంగిచూడటం మోరిస్ కళ్ల ముందు మెదిలింది. ఆవిడ బతికుండగా ఏనాడూ ఆవిడకి ఉపకారం చెయ్యలేకపోయాడు, ఇప్పుడైనా చేద్దామనుకున్నాడు. కారులోంచి డిటెక్టర్ తెచ్చి గొయ్యి మీద ఊపాడు. గట్టిగా మోగింది. డబ్బా పైకి తీసి, ఇంకా తవ్వి, దించి, మట్టి కప్పి మళ్లీ ఊపాడు. మళ్లీ మోగింది. ఇలా తవ్వుతూ, కప్పుతూ, వింటూ, మొలలోతు గోతిలో అత్తగారిని పెట్టాక గాని డిటెక్టర్ నోరు మూయలేదు. మేం సాండ్‌విచ్‌లు కోసి, అందరూ తిని, అందరూ వెళ్లిపోయాక చెమటలు కక్కుకుంటూ వచ్చాడు.

"ఇక లోకంలో ఏ డిటెక్టరుకీ మీ అమ్మ దొరకదు" అన్నాడు ఈనిడ్‌తో.

ఈనిడ్ అతన్ని ముద్దు పెట్టుకుంది. నేనూ మెచ్చుకున్నాను, ఏం చేస్తాం. గుర్తు కోసం రాయి గాని, కర్ర గాని పెట్టలేదు. గుర్తు పెడితే క్లబ్బువాళ్లు దాని చుట్టూ తవ్వుతారని. "గేటుకీ, ఓకు చెట్టుకీ సరిగ్గా మధ్యన" అని మనసులో పెట్టుకున్నాడు.

ఆ తర్వాత గేటుని పెద్ద కోత యంత్రం పట్టేలా ఇంకోవైపుకి మార్చారు. ఓకు చెట్టుకి చీడ పట్టి కొట్టేశారు. మొదలు కూడా పెకలించి చదును చేశారు. అప్పట్లో ఎవరూ పట్టించుకోలేదు. ఆవిడ హాయిగా ఉంది గదా అనుకున్నాం.

చాలా ఏళ్లకి, ఎండలు మండిపోయిన ఒక వేసవిలో రైతు చేను అమ్మేశాడు. ఇళ్లు కడతారట. దేశమంతటికీ సెలవైన ఆగస్టు చివరి సోమవారం, మేం బ్యాంకు సెలవు అనేది, దాటగానే, మంగళవారం పొద్దున బుల్డోజర్లు వస్తాయని చెప్పారు. ఈనిడ్ ఆ ఇళ్ల బొమ్మ ఎక్కడో చూసి, నా వంటింట్లోకి వచ్చి కూర్చుంది.

"మా అమ్మ మీద కారు షెడ్డు వస్తుందే, మేవిస్" అంది. "బతికినన్నాళ్లూ కారు ఎక్కలేదు మా అమ్మ. ఇప్పుడు ఎవడిదో కారు మా అమ్మ మీద నూనె కారుస్తూ నిలబడుతుంది."

మోరిస్ వెనకే వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. ఈనిడ్ అతని వైపు తిరిగింది.

"అమ్మని ఇంటికి తీసుకురా, మోరిస్. నువ్వే దాచావు, నువ్వే తియ్యి. లేకపోతే మంగళవారం నేనెళ్లి ఆ చేలో కూర్చుంటాను. నన్ను తవ్వుకుని పొమ్మను."

ఈనిడ్ గొంతు పెంచే మనిషి కాదు. బడి పిల్లలు సైతం ఆమె ఒక్క మాటకి క్యాబేజీ తినేవాళ్లు. ఆ మాట ఎలా అందో విన్నాక, నిజంగానే కూర్చుంటుందని నాకు అర్థమైంది. మోరిస్‌కీ అర్థమైంది. డిటెక్టర్ తీసుకుని చేలోకి పోయాడు.

చేను కాలిపోయిన రొట్టెలా ఉంది. వసంతం వెళ్లాక చినుకు లేదు. నెర్రెల్లో నా చెయ్యి దూరేది. మోరిస్ పొద్దంతా నడిచాడు. డిటెక్టర్ కిక్కురుమనలేదు. అత్తగారు దొరక్కూడదని ఎండిన నేలలో పరీక్ష చేసి మరీ పాతాడు గదా, అతని పనితనం వమ్ము కాలేదు. సాయంత్రం ఇంటికొచ్చి, "నేల తడవాలి" అన్నాడు. "తడిస్తే తుప్పు పలుకుతుంది. అదొక్కటే దారి."

"తడుపు మరి" అంది ఈనిడ్.

పైపుతో నీళ్లు పెట్టకూడదని అప్పటికే ఉత్తర్వు వచ్చింది. మా ఊళ్లో ఆ ఉత్తర్వు వచ్చిందంటే ప్రతి కిటికీ తెర వెనకా ఒక కాపలావాడు లేచినట్టే. ఎవరి గులాబీలు పచ్చగా ఉన్నాయో, ఎవరి కారు తళతళలాడుతోందో చూసుకోవడమే పని. పైపు పనికిరాదు. డబ్బాతో మోసుకెళ్లి పోస్తే తప్పు లేదు. అయితే కొళాయి నీళ్లు డబ్బాలకొద్దీ పొలంలో పారబోస్తే జనం ఊరుకోరు. అప్పుడు క్లబ్బు కూర్చుని తీర్మానం చేసింది, ఊరంతా స్నానాల నీళ్లు ఇవ్వాలని.

ఇచ్చారు. అదే నాకు ఇప్పటికీ నమ్మబుద్ధి కాదు. పక్కవాడికి నిచ్చెన అడిగితే ఇవ్వని ఊరు, మిసెస్ లార్టర్ కోసం ఒంటి మీది నీళ్లు పట్టుకొచ్చింది. బకెట్లలో, పిల్లల బళ్లలో, ఒంటిచక్రపు బండ్లలో తెచ్చారు. వారానికోసారి స్నానం చేసేవాళ్లు ఊరి బాగు కోసం రోజూ చెయ్యడం మొదలెట్టారు. భార్య పోయినప్పటి నుంచీ నీళ్లు ముట్టని ముసలాయన ఒకడు బకెట్టుతో బయటికొస్తే వీధి వీధంతా చప్పట్లు కొట్టింది. పబ్బువాళ్లు బంగాళదుంపలు ఉడికించిన నీళ్లు పంపారు. నేను టీ గిన్నె అడుగునున్నది కూడా పోశాను. పచ్చిక మీద బంతులు దొర్లించే బౌల్స్ ఆటవాళ్లు మాత్రం ముఖాలు మాడ్చుకున్నారు. వాళ్ల పచ్చగడ్డి చస్తుంటే మేం మోడు చేనుకి నీళ్లు పోస్తున్నామని.

ఎవరో చెప్పేశారు. నీళ్ల శాఖ మనిషి వ్యానులో వచ్చి గేటు దగ్గర నిలబడ్డాడు. ఊరి జనమంతా వరసకట్టి, కోసేసిన చేలో సబ్బు నీళ్లు పోస్తుంటే చూస్తూ ఉండిపోయాడు.

"ఏం పంట వేశారండీ?" అని అడిగాడు మోరిస్‌ని.

"మా అత్తగారండీ" అన్నాడు మోరిస్.

ఆ మనిషి ఇంకేదో అడగబోయి, మోరిస్ ముఖం చూసి మానుకున్నాడు. "డబ్బాలతోనే గదా పోస్తున్నారు, పోసుకోండి" అని వ్యాను ఎక్కి వెళ్లిపోయాడు. ఇంటికెళ్లి భార్యకి చెప్పుంటాడు, ఆవిడ నమ్మి ఉండదు.

శనివారం నాటికి గేటు ఉండేదనుకున్న చోటి నుంచి చెట్టు ఉండేదనుకున్న చోటి దాకా ఒక పెద్ద తడి చార ఏర్పడింది. లావెండర్ పూలూ, ఉడికిన దుంపలూ కలిసిన వాసన. క్లబ్బువాళ్లంతా మామూలుగా డిటెక్టరుకి ఇనుము వినపడకుండా మీట తిప్పి అడ్డు పెట్టుకుంటారు, లేకపోతే ప్రతి మేకుకీ వంగాలి. ఆ రోజు అందరూ ఆ అడ్డు తీసేసి బారులు తీరారు. మోరిస్ చెయ్యెత్తాడు. అందరూ ఊపడం మొదలెట్టారు.

డిటెక్టర్లన్నీ ఒక్కసారే మోగాయి. అడుగు తీసి అడుగేస్తే మోత. చేనంతా మిసెస్ లార్టరే. డెరిక్ హెడ్‌ఫోన్లు పీకేసి, "ఇక్కడుంది" అని అరిచాడు. నాలుగు గజాల అవతల ఇంకొకడు కూడా అదే అన్నాడు. పారలు పడ్డాయి. తవ్విన చోట తవ్వినట్టే ఏమీ లేదు. తవ్విన గొయ్యి పూడ్చి, పైన మట్టి సర్ది, ఎవరూ తవ్వనట్టు చేసి వెళ్లడం క్లబ్బు మొదటి నియమం. అలవాటు కొద్దీ ప్రతివాడూ తన గొయ్యిని ఎంత శుభ్రంగా పూడ్చాడంటే, వెనకాల వచ్చినవాడికి అక్కడ తవ్విన ఆనవాలే కనపడలేదు. డిటెక్టర్ మోగింది కాబట్టి వాడూ తవ్వాడు. ఒక చోట వరసగా ముగ్గురు తవ్వి, ముగ్గురూ చక్కగా పూడ్చారు. వీళ్లని చూసి నవ్వాలో, పారతో కొట్టాలో నాకు తెలియలేదు. ఈనిడ్ మాత్రం ప్రతి గొయ్యి దగ్గరికీ పరిగెత్తింది. ప్రతి గొయ్యి దగ్గరా ముఖం వాడిపోయి వెనక్కి వచ్చింది. అప్పుడు నవ్వు పోయింది నాకు.

చివరికి మోరిస్ అందరినీ ఆగమని, చిటికెడు మన్ను నోట్లో వేసుకున్నాడు. ఆ నీళ్లు ఎక్కడెక్కడివో తెలిసీ వేసుకున్నాడు. చాలాసేపు చప్పరించాడు.

"ఉప్పు" అన్నాడు.

అందరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఉప్పు కలిసిన తడినేల మీద డిటెక్టర్ లోహం లేకపోయినా అరుస్తుందని వాళ్లకి కొత్తగా చెప్పక్కర్లేదు. సముద్రపు ఒడ్డున అందరూ పడ్డ బాధే.

"దుంపల నీళ్లా?" అన్నారెవరో.

"దుంపలది తెలుస్తూనే ఉంది. ఇది వేరే ఉప్పు. ఎవరో స్నానం నీళ్లలో ఉప్పు వేసుకుంటున్నారు. చెప్పండి, ఎవరు?"

మగవాళ్లందరూ అడ్డంగా తలలూపారు. స్నానానికి సువాసన ఉప్పులేమిటి, మేమేం ఆడవాళ్లమా అన్నారు. డెరిక్ తన బూట్లు చూసుకుంటూ నిలబడ్డాడు. అతని చెవులు ముందు ఎర్రబడ్డాయి, తర్వాత మెడ.

"మోకాళ్ల కోసం" అన్నాడు మెల్లగా. "డాక్టరు చెప్పాడు."

"లావెండర్ కూడా డాక్టరే చెప్పాడా?" అన్నాను నేను.

"అది... ఉప్పుతో కలిపే అమ్ముతారమ్మా."

"ఎన్ని బకెట్లు పోశావు, డెరిక్?" అన్నాడు మోరిస్.

"అందరికంటే ఎక్కువ" అన్నాడు డెరిక్. "అధ్యక్షుణ్ణి గదా అని రోజుకి రెండుసార్లు చేశాను. నీకు సాయం చేద్దామనే, అబ్బాయ్."

మోరిస్ డిటెక్టర్ ఆపేసి భుజాన వేసుకున్నాడు. ఒక్కొక్కళ్లే సామాన్లు సర్దుకుని వెళ్లిపోయారు. మర్నాడు ఈనిడ్ ఇంట్లోంచి చెక్క కుర్చీ ఒకటి, అల్లిక సంచీ తీసుకుని చేలోకి వెళ్లి, బురదలో కుర్చీ వేసుకుని కూర్చుంది.

"ఇవాళ ఆదివారమేనే, ఇంకా టైముంది" అన్నాను నేను వెళ్లి.

"అలవాటు చేసుకుంటున్నా" అంది.

మోరిస్ కాస్త దూరంలో నిలబడి ఆమెనే చూస్తున్నాడు. నా పక్కకి వచ్చి, "ఆవిడకి మర్యాద చేద్దామనుకున్నా, మేవిస్. జీవితంలో ఒక్కటైనా ఆవిడ తప్పు పట్టలేని పని చేద్దామనుకున్నా" అన్నాడు. నాకు అతని మీద జాలేసింది. అతన్ని చూసి జాలిపడటం అదే మొదటిసారి.

మర్నాడు సోమవారం, బ్యాంకు సెలవు. దేశమంతా సముద్రపు ఒడ్డుకి బయల్దేరింది. అందుకని వాన పడింది. బ్యాంకు సెలవు రోజున వాన పడకపోతే మేం పరాయి దేశంలో ఉన్నామా అనుకుంటాం. నెలల తరబడి బిగబట్టినదంతా తెల్లవారుజాము నుంచీ కుమ్మరించింది. కార్లలో కుటుంబాలు అద్దాలు మూసుకుని సాండ్‌విచ్‌లు తింటూ ఆకాశాన్ని తిట్టుకుంటుంటే, మోరిస్ చేను మధ్యలో టోపీ లేకుండా నిలబడ్డాడు. వాన పైనున్న ఉప్పుని కడిగి కిందికి తీసుకుపోవాలి. ఆ తర్వాత కూడా పడాలి, నేల లోపలి దాకా నానాలి. మధ్యాహ్నం దాకా కదల్లేదు. ఈనిడ్ గొడుగు కింద కుర్చీలో కూర్చుని అల్లుకుంటోంది. నేను ఫ్లాస్కు పట్టుకుని ఇద్దరి మధ్యా తిరుగుతున్నాను.

మధ్యాహ్నం భోజనాల వేళ దాటాక మోరిస్ డిటెక్టర్ ఆన్ చేసి ఊపాడు. అరుపు లేదు. నేల శాంతించింది. మెల్లగా నడవడం మొదలెట్టాడు. ఒక నాడా దొరికింది, నాగలి ముక్క ఒకటి దొరికింది. అటు పోయాడు, ఇటు వచ్చాడు. అలా అలా ఈనిడ్ కుర్చీ దగ్గరికి వచ్చేసరికి హెడ్‌ఫోన్ల లోంచి నాకు కూడా ఒక మూలుగు వినపడింది. బొంగురు మోత, ఇనుముది.

"కాస్త లేస్తావా? కుర్చీ మేకులు పలుకుతున్నాయి" అన్నాడు.

ఈనిడ్ లేచి కుర్చీ తీసుకుని అవతలికి జరిగింది. మోరిస్ ఊపాడు. ఇంకా మూలుగుతోంది. చుట్టూ తిరిగి నాలుగువైపుల నుంచీ ఊపాడు. బండి చక్రమంత మేర మూలుగుతోంది. హెడ్‌ఫోన్లు తీసి మెడలో వేసుకున్నాడు.

"ఇక్కడే" అన్నాడు.

ఈనిడ్ కుర్చీ వదిలేసింది. "నేను అమ్మ మీద కూర్చున్నానా?"

"నిన్నటి నుంచీ."

"ఒక్క మాట కూడా అనలేదే" అంది ఈనిడ్. తర్వాత నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. నవ్వుతోందో ఏడుస్తోందో నాకు తెలియలేదు, ఆమెకీ తెలిసి ఉండదు.

మోరిస్ తవ్వాడు. నేనూ ఒక పార అందుకున్నాను. పైన నల్లమట్టి, కింద పచ్చబంక. మొలలోతుకి వచ్చేసరికి మట్టి ఎర్రబడింది. మోరిస్ పార పారేసి చేతులతో తీశాడు. రేకు ముక్కలు, గోరంత, గోరంత. ముట్టుకుంటే పొడి అవుతున్నాయి. డబ్బా లేదు.

"డబ్బా ఏది?" అంది ఈనిడ్ పైనుంచి.

మోరిస్ అరచేతిలోని ఎర్రపొడి చూపించాడు. "నేల తినేసింది" అన్నాడు. "తడికి తుప్పు పట్టి..." అని ఆగిపోయాడు. అన్నేళ్లూ తడి తడి అని కలవరించినవాడు. ఆ తడే ఇనుముని పలికిస్తుంది, ఆ తడే తింటుంది. తనకి తెలియని సంగతి కాదు, ఇలా ఎదురుపడుతుందని అనుకోలేదంతే.

"మరి అమ్మ?"

"మట్టిలో కలిసిపోయింది."

ఈనిడ్ గోతి అంచున మోకాళ్ల మీద కూర్చుంది. గొడుగు ఎక్కడో పడిపోయింది. "అయితే అమ్మ ఎక్కడి దాకా ఉంది?" అంది. "ఎంతవరకూ అమ్మ? ఎక్కణ్ణుంచి ఒట్టి మట్టి? నువ్వు చెప్పు, మోరిస్. నాకు అమ్మ మొత్తం కావాలి. కొంచెం ఇక్కడ వదిలేసి వెళ్లలేను."

ఆ ప్రశ్నకి ఏ పాదిరీ జవాబు చెప్పలేడు. మోరిస్ డిటెక్టర్ గోతిలోకి అందుకుని, గోడకి ఆనించాడు. మూలిగింది. "ఇక్కడ ఉంది" అని ఒక పారెడు మట్టి తీసి గట్టు మీదున్న ఒంటిచక్రపు బండిలో వేశాడు. మళ్లీ ఆనించాడు. "ఇక్కడా ఉంది." ఇంకో పారెడు. గోతి అడుగున ఆనించాడు. "ఇక్కడ కూడా." వాన పడుతూనే ఉంది. అలా గోతి చుట్టూ, అడుగూ, జానెడు జానెడు వింటూ తవ్వాడు. నేను బండి తోసుకెళ్లి ఈనిడ్ పెరట్లో కుమ్మరించి వస్తున్నాను. ఈనిడ్ గోతిలోకి దిగి చేతులతోనే తోడుతోంది, మోచేతుల దాకా ఎర్రబురద. పక్కనుంచి చూసేవాళ్లెవరైనా ఉంటే మా ముగ్గురినీ పట్టుకుపోయేవాళ్లు.

ఆఖరికి డిటెక్టర్ ఎక్కడ ఆనించినా ఊరుకుంది. మోరిస్ ఇంకోసారి చుట్టూ తిప్పాడు. ఏమీ లేదు.

"అయిపోయింది" అన్నాడు.

ఈనిడ్ గోతిలో నిలబడే ఉంది. కదలదు. చెయ్యి అందిస్తే అందుకోదు. తన చేతులకేసి చూసుకుంటోంది. తర్వాత ఆ రెండు చేతులూ అతని ముందుకి చాపింది.

మోరిస్‌కి అర్థమైంది. డిటెక్టర్ ఎత్తి, ఆమె చేతుల మీదుగా మెల్లగా పోనిచ్చాడు. హెడ్‌ఫోన్లు మెడలోనే ఉన్నాయి కాబట్టి ముగ్గురం విన్నాం. మోగింది. ఇనుముకి వచ్చే బొంగురు మోత కాదు. సన్నగా, తేటగా, బంగారానికి వచ్చే మోత. అన్ని ఆదివారాలు టీ పోసినదాన్ని, నాకే తెలిసింది. ఆమె వేలికున్న పెళ్లి ఉంగరం అది. బంగారం మోత కోసం జీవితమంతా చెవులు రిక్కించినవాడికి తెలియదా.

"ఇంకా కొంచెం ఉంది" అన్నాడు మోరిస్.

ఈనిడ్ తలూపి, ఆ చేతులు అలాగే కోటు జేబుల్లో పెట్టుకుంది. మేం ఆమెని చంకల కింద పట్టుకుని పైకి లాగాం.

మంగళవారం పొద్దున బుల్డోజర్ల చప్పుడు మొదలయ్యాక నేను వాళ్లింటికి వెళ్లాను. ఈనిడ్ వంటింటి బల్ల దగ్గర కూర్చుని ఉంది. కడగని చేతులు ఒళ్లో పెట్టుకుంది, మోచేతుల దాకా బురద ఎండి పగుళ్లిచ్చింది. మోరిస్ పక్కన కుర్చీ లాక్కుని కూర్చుని, కప్పు ఆమె నోటికి అందించి, టీ తాగిస్తున్నాడు.